కాలిపోయిన కొలిమేటర్ బల్బు, తొమ్మిదో వారం

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణం నుంచి ఇరవై ఎనిమిదేళ్ల పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయట పెట్టవద్దని కోరారు. మెడికల్ ఇమేజింగ్‌లో డిప్లొమా చేసి, ఆరేళ్లుగా ఒక ప్రైవేటు డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నారు. రోజుకు నలభై దాకా ఎక్స్‌రేలు తీస్తారు. రెండేళ్ల క్రితం ఆమెకు ఒకసారి గర్భస్రావం అయింది. ఇప్పుడు మళ్లీ తొమ్మిదో వారం. ఈ సంగతి భర్తకు, అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు. "మొదటిదాన్ని ఆ గదే మింగేసింది, ఇంకా అక్కడికే పోతావా" అని అత్తగారు రోజూ అంటున్నారట. భర్తది మొబైల్ రిపేరు దుకాణం. దుకాణం మీద తెచ్చిన అప్పు వాయిదాలు ఆమె జీతం 18,000 రూపాయల్లోంచే వెళ్తున్నాయి.

ఉత్తరం మధ్యలో, పెద్దగా పట్టించుకోవలసినవి కావన్నట్టు, ఆమె మరికొన్ని సంగతులు రాశారు. నాలుగు నెలల క్రితం కొలిమేటర్ (కిరణం వెడల్పును షట్టర్లతో కుదించి, అది ఎక్కడ పడుతుందో వెలుగుతో చూపే పెట్టె) బల్బు కాలిపోయింది. కొత్తది వేయించలేదు కనుక షట్టర్లు పూర్తిగా తెరిచే తీస్తున్నారు. టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే ఒంటికి తగిలిన కిరణాల మోతాదును కొలిచే బిళ్ల, కంట్రోల్ ప్యానెల్ పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. రోజుకు ఒకరిద్దరు చంటిపిల్లలను, సెంటర్‌లో ఉన్న ఒకే ఒక లెడ్ (సీసపు) ఏప్రాన్ వేసుకుని, తానే పట్టుకుంటారు, ఆయా చేత స్విచ్ నొక్కిస్తారు. బొమ్మ మసకగా వస్తే యజమాని డాక్టరుగారు "ఇంకొంచెం పెంచి తీయమ్మా" అంటారు. ఇక ఆమె ప్రశ్నలు: మిషన్ ఆపాక కూడా గదిలో కిరణాలు నిలిచి ఉంటాయా? బిడ్డకు ఇప్పటికే హాని జరిగిందా? మొదటి గర్భం ఇందువల్లే పోయిందా? మానేయాలా, ఉండాలా, డాక్టరుగారికి చెప్పాలా?

అమ్మా, ముందు గది సంగతి తేల్చుకుందాం. మీ అత్తగారి మాటకు బలమంతా అక్కడినుంచే వస్తోంది.

మీ మిషన్‌లోని ట్యూబ్ గాలి తీసేసిన ఒక గాజు బుడ్డి. అందులో ఒక వైపు సన్నని టంగ్‌స్టన్ తీగ, అంటే ఫిలమెంట్, ఎర్రగా కాలితే దాని నుంచి ఎలక్ట్రాన్లు ఆవిరిలా పైకి లేస్తాయి. 1913లో కూలిడ్జ్ ఇలా వేడి తీగతో ట్యూబ్ తయారు చేశాకే ఎక్స్‌రే మోతాదు మన అదుపులోకి వచ్చింది. అంతకుముందు, 1895లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టిన నాటి నుంచి, ట్యూబ్‌లో మిగిలిన గాలి ఎంత ఉంటే అంత, దాని ఇష్టం. తీగ ఒక్కటే వేడెక్కితే కిరణం పుట్టదు. ఆ ఎలక్ట్రాన్లను ఎదుటి వైపున్న టంగ్‌స్టన్ చక్రం మీదికి ఎనభై వేల వోల్టులతో లాగితే, అవి కాంతి వేగంలో సగం వేగంతో వెళ్లి దానికి గుద్దుకుని, క్షణంలో ఆగిపోతాయి. అలా ఆగేటప్పుడు వాటి శక్తిలో నూటికి ఒక వంతు కూడా ఎక్స్‌రేగా మారదు, మిగిలినదంతా వేడే. ఆ వేడికి చక్రంలో ఒకే చోటు కరిగిపోకూడదనే దాన్ని నిమిషానికి దాదాపు మూడు వేల చుట్లు తిప్పుతారు.

మీరు స్విచ్ సగం నొక్కినప్పుడు వినిపించే గుయ్‌మనే చప్పుడు ఆ చక్రం తిరిగే చప్పుడే. దాన్ని కిరణాల చప్పుడనుకుని హడలిపోయేవాళ్లను నేను చాలామందిని చూశాను. అప్పటికింకా కిరణం పుట్టలేదు. స్విచ్ పూర్తిగా నొక్కినప్పుడు, సెకనులో పదో వంతో ఇరవయ్యో వంతో, హై వోల్టేజి పడినంతసేపే కిరణం ఉంటుంది. టైమర్ కోసేసినా, మీ వేలు జారినా వోల్టేజి పోతుంది, దానితో పాటే కిరణమూ పోతుంది. లైటు ఆర్పాక గదిలో వెలుగు ఎలా మిగలదో ఇదీ అంతే. ఈ వోల్టేజీల దగ్గర పుట్టే ఎక్స్‌రేకు గోడను గానీ బల్లను గానీ మనిషిని గానీ రేడియో ధార్మికంగా మార్చేంత శక్తి లేదు. కనుక ఖాళీ గదిలో కూర్చుని టిఫిన్ తిన్నా ఏమీ కాదు. గది ఎవరినీ మింగలేదు.

అయితే స్విచ్ నొక్కిన ఆ పదో వంతు సెకనులో మీరు ఎక్కడ నిలబడ్డారు, కిరణం ఎంత వెడల్పున బయటికి వచ్చింది అన్న రెండే ప్రశ్నలు మిగులుతాయి. మీరు భయపడవలసినది ఏదైనా ఉంటే ఈ రెంటిలోనే ఉంది.

చార్టు చూసి మీరు వేసే అంకెల అర్థం ఒకసారి గుర్తు చేసుకోండి. కేవీ (కిలోవోల్టులు) అంటే ఎలక్ట్రాన్లను లాగే బలం, కిరణం ఎంత లోతుకు చొచ్చుకుపోతుందో అది చెబుతుంది. ఎంఏఎస్ (మిల్లీ ఆంపియర్ సెకన్లు) అంటే ఎన్ని ఎలక్ట్రాన్లు వెళ్లాయో ఆ లెక్క. 200 ఎంఏ, 0.1 సెకను పెడితే 20 ఎంఏఎస్. దాన్ని రెట్టింపు చేస్తే రోగికి తగిలే మోతాదు సరిగ్గా రెట్టింపవుతుంది. కేవీ పెంచితే మోతాదు దాదాపు దాని వర్గం లెక్కన పెరుగుతుంది, కానీ అప్పుడు తక్కువ ఎంఏఎస్ సరిపోతుంది. 70 కేవీ నుంచి 80కి వెళితే ఎంఏఎస్‌ను సగం చేసినా బొమ్మ నలుపు దాదాపు అంతే వస్తుందని మీ కోర్సులో చెప్పే ఉంటారు. ట్యూబ్ నుంచి వచ్చే కిరణాలన్నీ ఒకే శక్తివి కావు. 80 కేవీ పెడితే సున్నాకు దగ్గర నుంచి ఎనభై దాకా అన్ని రకాలూ ఉంటాయి. వాటిలో బలహీనమైనవి చర్మంలోనే ఆగిపోయి, బొమ్మకు ఏమాత్రం ఉపయోగపడకుండా మోతాదును మాత్రం పెంచుతాయి. ట్యూబ్ ముందు అల్యూమినియం రేకు పెట్టేది వాటిని వడకట్టడానికే. మీ తరహా మిషన్లలో అన్నీ కలిపి కనీసం 2.5 మిల్లీమీటర్ల అల్యూమినియంకు సమానమైన వడపోత ఉండాలి. అది మీ చేతిలోని పని కాదు, మిషన్‌తోనే వస్తుంది. మీ చేతిలో ఉన్నవి కేవీ, ఎంఏఎస్, దూరం, కొలిమేటర్.

డాక్టరుగారి "ఇంకొంచెం పెంచి తీయమ్మా" అన్న మాట వినగానే నాకు చీకటి గది గుర్తొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఫిల్మును చేత్తో కడిగేవాళ్లం. మోతాదు ఎక్కువైతే ఫిల్ము బొగ్గులా నల్లబడేది, మన తప్పు గోడకు వేలాడి అందరికీ కనిపించేది. ఫిల్ముకు బదులు కంప్యూటర్ మీద బొమ్మ వచ్చే ఇప్పటి సీఆర్, డీఆర్ పద్ధతుల్లో ఆ సిగ్గు లేదు. రెండింతలు వేసినా కంప్యూటర్ దాన్ని సర్దేసి నున్నటి బొమ్మ చూపిస్తుంది. తక్కువ వేస్తే మాత్రం బొమ్మ గింజలు గింజలుగా వచ్చి తిట్లు పడతాయి. అందుకే లోకమంతటా టెక్నీషియన్ల చేయి మెల్లమెల్లగా పైకే జరుగుతూ ఉంటుంది. ప్రతి బొమ్మ పక్కన, పడిన మోతాదును తెలిపే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అనే సంఖ్య వస్తుంది, మీ కంపెనీ చెప్పిన పరిధితో దాన్ని పోల్చి చూడండి. ఇంకొక మాట. బొమ్మ మసకకు కారణం మోతాదు చాలకపోవడమే కానక్కరలేదు. కిరణం రోగి ఒంట్లో తగిలి అన్ని వైపులకూ చెదురుతుంది, ఆ చెదిరినదే బొమ్మ మీద పొగమంచులా పరుచుకుంటుంది. తెరిచిన వైశాల్యం పెరిగిన కొద్దీ చెదిరేదీ పెరుగుతుంది. షట్టర్లు బార్లా తెరిచి మీరు తీస్తున్న బొమ్మలు మసకబారకపోతేనే ఆశ్చర్యం. డాక్టరుగారు విసుక్కుంటున్నదీ, మిమ్మల్ని నిజంగా ప్రమాదంలో పెడుతున్నదీ ఆ కాలిపోయిన బల్బే.

కొన్ని లెక్కలు చూద్దాం. ఉజ్జాయింపువే, అయినా మీ భయానికి ఒక కొలత ఇస్తాయి. రోగి ఒంటి నుంచి చెదిరి పక్కకు వచ్చేది, ఒక మీటరు దూరంలో, రోగి చర్మం మీద పడినదానిలో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకు తగ్గుతుంది. మీరు కంట్రోల్ ప్యానెల్ దగ్గర సీసపు అడ్డు వెనక ఉన్నప్పుడు ఆ వెయ్యో వంతులోనూ లెక్కలోకి రానంత కొద్దే మీ వరకు చేరుతుంది. రోజుకు నలభై తీసినా ఫరవాలేదనడానికి ఆధారం ఇదే. ఇక చంటిపిల్లల సంగతి. పసిబిడ్డ ఛాతీ ఎక్స్‌రేకు చర్మం మీద పడేది 0.1 మిల్లీగ్రే (గ్రే అంటే కిరణాల మోతాదుకు కొలమానం) లోపే ఉంటుంది. మీరు అర మీటరు దూరంలో, నేరు కిరణానికి పక్కగా నిలబడితే మీకు చేరేది 0.0004 మిల్లీగ్రే దరిదాపు. ఈ తొమ్మిది వారాల్లో అలా వందసార్లు పట్టుకున్నారనుకున్నా 0.04 అవుతుంది. ఏప్రాన్ అందులోనూ అధిక భాగాన్ని ఆపేస్తుంది. గర్భం సంగతి తెలియజేసిన నాటి నుంచి ప్రసవం దాకా పిండానికి చేరే మోతాదుకు ఉన్న పరిమితి 1 మిల్లీసీవర్ట్. ఈ కిరణాలకు గ్రే, సీవర్ట్ ఒకటే అనుకోండి.

ఆ లెక్కలో "నేరు కిరణానికి పక్కగా" అన్నాను చూశారా, మెలిక అక్కడే ఉంది. పసిబిడ్డ ఛాతీకి ఎనిమిది అంగుళాలకు పది అంగుళాల చోటు చాలు, అంటే ఎనభై చదరపు అంగుళాలు. షట్టర్లు బార్లా తెరిస్తే, పెద్ద క్యాసెట్ (బొమ్మ పడే పలక) పద్నాలుగు అంగుళాలకు పదిహేడు అనుకుంటే, దాదాపు మూడింతలు. ఆ అదనపు చోటులో బిడ్డ లేదు, బిడ్డను పట్టుకున్న మీ చేతులున్నాయి, ముందుకు వంగితే మీ నడుమూ ఉండవచ్చు. నేరు కిరణంలో ఒక్కసారి పడితే 0.1, పక్కన ఉంటే 0.0004. రెండింటికీ తేడా రెండు వందల యాభై రెట్లు. ఏప్రాన్ తయారైనది చెదిరిన కిరణాల కోసం, నేరు కిరణంలో నిలబడడానికి కాదు. పైగా వెలుగు లేనందున కిరణపు అంచు గీత ఎక్కడుందో మీకు కనిపించదు.

బల్బు వచ్చేదాకా ఏం చేయాలంటే, చాలా కొలిమేటర్ల మీద నాబ్‌ల పక్కన దూరాన్ని బట్టి అంగుళాల్లో గానీ సెంటీమీటర్లలో గానీ కొలతలు ముద్రించి ఉంటాయి. మీ దానికీ ఉంటే, వెలుగు లేకపోయినా, ఆ కొలతను బట్టి షట్టర్లను క్యాసెట్ సైజుకు మూయవచ్చు. ఇది సరైన పద్ధతి కాదు, ఒకటి రెండు వారాల సర్దుబాటు మాత్రమే.

పిల్లలను పట్టుకోవడం మాత్రం నేటితో ఆపేయండి. మీరు గర్భిణి కాకపోయినా ఇదే చెప్పేవాణ్ణి. రోజూ కిరణాల మధ్య పనిచేసేవాళ్లు రోగులను పట్టుకోకూడదన్నది పాత నియమమే. బిడ్డ తండ్రో, మేనమామో, గర్భంతో లేని మరొకరో ఏప్రాన్ వేసుకుని, నేరు కిరణానికి పక్కగా నిలబడి పట్టుకోవచ్చు. వాళ్లకు అది జీవితంలో ఒకటి రెండుసార్లు, మీకు ఏడాదికి వందలసార్లు. ఇసుక సంచులు, పట్టీలు ఉంటే కొన్నిసార్లు మనిషే అక్కరలేదు. ఆయా చేత స్విచ్ నొక్కించే అవసరమూ దీనితోనే పోతుంది. శిక్షణ లేని చేతిలో ఆ స్విచ్ ఉండకూడదు.

బ్యాడ్జి గురించి. మేకుకున్న బ్యాడ్జి మేకుకు తగిలిన మోతాదునే కొలుస్తుంది. ఆరేళ్లుగా మీ పేరు మీద వచ్చిన రీడింగులు మీవి కావు, అవి చిన్నవిగా ఉన్నాయని ఊరట పొందకండి, పెద్దవిగా ఉన్నాయని బెంగ పడకండి. అయినా ఆ రికార్డు నకలు అడిగి తీసుకోండి, ఇవ్వవలసిన బాధ్యత సెంటర్‌ది. ఇకమీదట బ్యాడ్జిని ఛాతీ దగ్గర, ఏప్రాన్ లోపల పెట్టుకోండి. ఇంటికి వెళ్లేటప్పుడు కిరణాలు చేరని చోట ఉంచి వెళ్లండి.

మొదటి గర్భం గురించి మీరు రాసిన వాక్యం ఉత్తరంలో అన్నిటికంటే పొట్టిది, అన్నిటికంటే బరువైనదీ అదే. తెలిసిన గర్భాల్లోనే నూటికి పది నుంచి ఇరవై దాకా, ఏ కిరణాల గదీ చూడని స్త్రీలకు కూడా, మొదటి నెలల్లో పోతాయి. వాటిలో ఎక్కువ భాగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపం. పిండానికి చేరిన మోతాదు 100 మిల్లీగ్రే లోపున్నంతవరకు అవయవ లోపాలు గానీ గర్భం పోవడం గానీ పెరిగినట్టు వైద్యశాస్త్రం చూడలేదు. మీ పనిలో అంత మోతాదు చేరాలంటే, బార్లా తెరిచిన నేరు కిరణంలో ఏప్రాన్ లేకుండా పొట్టను వెయ్యిసార్లు ఉంచాలి. అప్పట్లో బల్బు కూడా వెలుగుతూనే ఉంది కదా. ఇందువల్లే పోయిందని ఎవరైనా అంటే, దానికి లెక్కలో ఆధారం లేదు. ఇప్పటి గర్భం గురించి మీ స్త్రీవైద్య నిపుణురాలికి పని వివరాలన్నీ చెప్పండి, పిల్లలను పట్టుకున్న సంగతి సహా. ఆమె చూడవలసిన మిగతా కారణాలు వేరే ఉంటాయి, కిరణాల మీద నెపం పెట్టి వాటిని వదిలేయకూడదు.

ఇక మీ ముందున్న దారులు.

ఎవరికీ చెప్పకుండా కొనసాగడం ఇప్పుడు మీరు నడుస్తున్న దారి. 1 మిల్లీసీవర్ట్ పరిమితి గానీ పని మార్పు గానీ మీరు చెప్పిన రోజు నుంచే మొదలవుతాయి. చెప్పనంతకాలం నియమాల దృష్టిలో మీరు ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్ దాకా అనుమతి ఉన్న మామూలు ఉద్యోగి. ఈ దారి గురించి మంచి మాట చెప్పడానికి నాకేమీ దొరకలేదు.

చెప్పి, అదే పనిలో, జాగ్రత్తలతో కొనసాగడం రెండోది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణాల ప్రకారం గర్భం తెలియజేయడం ఉద్యోగం నుంచి తప్పించడానికి కారణం కాకూడదు, పని పరిస్థితులను మార్చవలసినది యజమానే. బల్బు, ఏప్రాన్ పరీక్ష, పొట్ట దగ్గర పెట్టుకునే రెండో బ్యాడ్జి, పిల్లలను మరొకరు పట్టుకోవడం, అన్నీ కలిపినా ఖర్చు పెద్దది కాదు. అయితే చిన్న సెంటర్లో యజమాని ముఖం మాడ్చుకోవచ్చు, "అంత భయమైతే మానెయ్" అనవచ్చు. అప్పుడు చెప్పవలసిన మాట ఒకటుంది. లైసెన్స్ నిలవాలంటే అణుశక్తి నియంత్రణ మండలి, మీరంతా అనే ఏఈఆర్‌బీ, రెండేళ్లకోసారి మిషన్‌కు నాణ్యత పరీక్ష చేయించమంటుంది. ఆ పరీక్షలో కొలిమేటర్ వెలుగు గీత, కిరణపు గీత ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూస్తారు. వెలుగే లేకపోతే ఆ అంశం గట్టెక్కదు. బల్బు మీ కోసమే కాదు, ఆయన లైసెన్స్ కోసం కూడా అని నెమ్మదిగా గుర్తు చేయండి.

అల్ట్రాసౌండ్ విభాగానికి గానీ రిజిస్ట్రేషన్‌కు గానీ ప్రసవం దాకా మారడం మూడోది. అల్ట్రాసౌండ్‌లో ఇలాంటి కిరణాలే లేవు. గర్భిణుల స్కాన్‌కు చట్టం కోరే ఫారం ఎఫ్ నింపడం, రిజిస్టర్లు రాయడం వంటి పనులకు అక్కడ ఎప్పుడూ మనిషి కావాలి. మీ అత్తగారు ఒప్పుకునే అవకాశమూ దీనికే ఎక్కువ. కానీ సెంటర్ ఇంకొక టెక్నీషియన్‌ను వెతుక్కోవాలి. శిక్షణ లేని కుర్రాణ్ణి మీ స్థానంలో పెట్టి రోజూ ఇరవైసార్లు మిమ్మల్నే "ఒకసారి వచ్చి చూడక్కా" అని పిలుస్తారేమో, ముందే మాట్లాడుకోండి. జీతం తగ్గించకూడదన్న మాటా అప్పుడే కాగితం మీదికి రావాలి.

మానేయడం నాలుగోది. దాన్ని తప్పనను. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా రాత్రి నిద్ర పట్టకపోతే ఆ నిద్రకూ విలువుంది. అయితే వాయిదాల సంగతి ముందు భర్తతో కూర్చుని లెక్క వేసుకోండి. మీ సెంటర్‌లో పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేస్తుంటే మీకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు హక్కు ఉంటుంది. తొందరపడి రాజీనామా ఇస్తే అది చేజారిపోతుంది.

చెప్పినా వినకపోతే ఏఈఆర్‌బీకి ఫిర్యాదు చేయడం ఉంది. అది మీ హక్కే. కానీ చిన్న పట్టణంలో ఎవరు రాశారో ఒక్క రోజులో తెలిసిపోతుంది, మిషన్ ఆగితే మీ జీతమూ ఆగవచ్చు. అది మొదటి అడుగు కానక్కరలేదు.

నా మొగ్గు మూడో దారి వైపు, అది కుదరకపోతే రెండో దారి వైపు. మీ ఇంటి పరిస్థితి మీకు తెలిసినంత నాకు తెలియదు కనుక ఇంతకంటే గట్టిగా అనను. ఏ దారి పట్టినా మొదట కావలసింది ఒక కాగితం. "నాకు గర్భం నిర్ధారణ అయింది, పిండానికి వర్తించే మోతాదు పరిమితి ప్రకారం నా పనిలో మార్పు చేయగలరు, కొలిమేటర్ బల్బు ఫలానా తేదీ నుంచి పనిచేయడం లేదు" అని మూడు ముక్కలు, తేదీ, సంతకం. ఒక ప్రతి డాక్టరుగారికి ఇచ్చి, అందినట్టు రెండో ప్రతి మీద ఆయన సంతకం తీసుకుని ఇంట్లో దాచుకోండి. బ్యాడ్జీలు మూడు నెలలకోసారి మారతాయి కదా, కొత్తవి తెప్పించే లోపే ఆ కాగితం ఇవ్వండి. రెండో బ్యాడ్జి అడగడానికి అదే అదను, పొరబాటున దాన్ని కూడా మేకుకు తగిలించకండి.